పదకొండు నిజం, ఇరవై తొమ్మిది కవిత్వం

3, మంగళవారం

నేటి ఉదయం పదిన్నర గంటలకు ఇరవై టన్నుల పొక్లెయిన్ గారు పంపుహౌసు వెనక పాత మడుగులో ఆసీనులయ్యారు. ఇంతవరకూ లేవలేదు. లేచే ఉద్దేశం ఉన్నట్టు కూడా కనిపించదు.

ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను, రేపు అందరూ అడుగుతారు కాబట్టి. మడుగులో పదేళ్ళ పూడిక ఉంది. వానలు ముదిరేలోపు అది తీసెయ్యకపోతే పంపులు బురద తాగి చస్తాయి. పైన ఎండి పెచ్చు కట్టింది, గడ్డి కూడా మొలిచింది. ఫుట్‌బాల్ ఆడుకోవచ్చు అనిపిస్తుంది. బండి దిగాల్సిన దారి పొడవు నలభై గజాలు. దానికి రెండు వైపులా జెండాలు పాతింది నేనే. బండి నడిపేది మా బావ, అక్క భర్త. ఆయన జెండాల మధ్య నుంచే దించాడు. పద్నాలుగు గజాలు పెళ్ళికొడుకులా నడిచింది. పదిహేనో గజం దగ్గర ముక్కు వంచింది, ఎడమ చైను జారింది, బండి మొత్తం పక్కకి తిరిగి అటూ ఇటూ ఉన్న జెండాలను కిందేసుకుని కూర్చుంది.

బావ మోకాలి లోతు బురదలోంచి గట్టెక్కి నా ముందు నిలబడ్డాడు.

“ఇంజనీరుగారూ, దీన్ని మీ చదువులో ఏమంటారు?”

“సెటిల్మెంటు అంటారు బావా.”

“మా టెన్త్ ఫెయిల్ వాళ్ళు మునగడం అంటారు.”

నవ్వాడు. నేనూ నవ్వాను, కొంచెం ఎక్కువగా.

దించకముందే నేల చూశాను. షీటు ఉంది. నలభై రీడింగులు, కింద నా సంతకం.

4, బుధవారం

మా మేనేజరుని సైటులో అందరూ మైకుసారు అంటారు. ఆయన గుసగుసలాడితే వీధి చివర కుక్క లేస్తుంది. పొద్దున్నే వచ్చి గట్టు మీద నిలబడి, “బకెట్‌తో నేలని తోసి లేపవయ్యా, చూస్తావేంటి?” అని అరిచాడు.

“కదిలిస్తే ఇంకా దిగుతుంది సార్. ఊబిలో కాళ్ళు కొట్టుకోకూడదు,” అన్నాడు బావ.

“పందొమ్మిదేళ్ళ సర్వీసు ఇందుకేనా?”

బావ ఎక్కి తోశాడు. బండి ఇంకో అర గజం దిగింది. ఇప్పుడు చైన్లు కనబడవు. కోడి గుడ్ల మీద పొదిగినట్టు పొట్ట ఆనించి కూర్చుంది.

తర్వాత విచారణ. కంటైనరు ఆఫీసులో ముగ్గురం. మైకుసారు నా షీటు పైకెత్తి చూపించాడు.

“కుర్రాడు గజానికొకటి చొప్పున నలభై చోట్ల కడ్డీ దింపి చూశాడు. పన్నెండు సెంటీమీటర్లు, పద్నాలుగు, పదకొండు. ఎక్కడా జానెడు దాటి దిగలేదు. అది మడుగా, సిమెంటు రోడ్డా? మరి బండెందుకు మునిగింది? నువ్వు జెండాలు దాటావు.”

“దాటలేదు సార్.”

“అయితే జెండాలు చూపించు.”

అవి బండి కింద ఉన్నాయి. బావ నా వైపు తిరిగాడు.

“ఏరా, నువ్వు గట్టు మీదే ఉన్నావుగా. దాటానా?”

“ఫోనొచ్చింది బావా. అటు తిరిగి మాట్లాడుతున్నా, చూళ్ళేదు.”

ఫోనెవరూ చెయ్యలేదు. అటు తిరగనూ లేదు. బండి ముక్కు వంచడం కళ్ళారా చూశాను.

సరే. ఈ డైరీ నాది. ఇది కూడా మైకుసారు చదివే షీటే అయితే రాసి ఏం లాభం? కనుక రాస్తున్నాను. నేల చూశాను అంటే చూశాను. కడ్డీ పట్టుకుని నడిచాను. పదకొండు గజాలు నడిచాను. కొట్టిన చోటల్లా పెచ్చు ఠంగుమంది. ఎండ నెత్తి మాడుస్తోంది. పదకొండు చోట్ల గట్టిగా ఉన్న నేల పన్నెండో చోట మెత్తబడటానికి దానికేం పని? మిగతా ఇరవై తొమ్మిదీ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని నడిచాను. అన్నీ పన్నెండే రాస్తే అనుమానమొస్తుందని మధ్యలో పద్నాలుగులు కలిపాను. ఒకచోట పదహారున్నర వేశాను. ఆ అర మీద అప్పట్లో నాకు చిన్న గర్వం కూడా ఉండేది. జెండాలు మాత్రం నలభై గజాల పొడవునా రెండు గట్ల మీంచి విసిరి గుచ్చాను, బాణాల్లాగా.

పదకొండు నిజం, ఇరవై తొమ్మిది కవిత్వం.

రేపు చెప్తాను.

5, గురువారం

రేపు చెప్తాను.

6, శుక్రవారం

నిన్న రాసిన రేపు ఇవాళే అని ఇందాకే గమనించాను.

ఉండేది అక్కావాళ్ళింట్లో. ముందుగది నాది. వంటింట్లోకి పోవాలంటే బావ కుర్చీ దాటాలి, బయటికి పోవాలంటే బావ చెప్పులు దాటాలి. సైటులో ఆయనే, ఇంట్లో ఆయనే. తేలు కుట్టిన దొంగకి కనీసం వేరే ఊరైనా ఉంటుంది.

సాయంత్రం అక్క పెరట్లో బావ ప్యాంటు నాలుగోసారి జాడిస్తోంది.

“ఇంకో రెండు ప్యాంట్లు ఉతికితే ఆ మడుగంతా మా పెరట్లోకే వచ్చేస్తుంది. ఇక మీరు పూడిక తియ్యక్కర్లేదు, ఇద్దరూ ఇంట్లో పడుకోవచ్చు.” బకెట్ పక్కకి నెట్టి గొంతు తగ్గించింది. “ఒరేయ్, నిజం చెప్పు. మీ బావ దాటాడా?”

“నాకేం తెలుసక్కా?”

“ఇంజనీరువి నీకు తెలియకపోతే గోడ మీద పిల్లికి తెలుస్తుందా? ఆయన మూడు రోజుల్నించి సరిగ్గా మాట్లాడట్లేదు.”

బావ లోపల కుర్చీలో కూర్చుని అరచేతులు చూసుకుంటున్నాడు. జోస్యం చెప్పించుకునేవాడిలా ఉన్నాడని ఎగతాళి చేద్దామనుకున్నాను. ఈలోపు ఆయనే పిలిచాడు.

“ఇలా కూర్చోరా. నీకో మాట చెప్పాలి, మీ అక్కకి చెప్పకు. సీట్లో కూర్చుంటే కింద నేల తెలుస్తుంది నాకు. కుర్చీలోంచి నడుములోకి వస్తుంది. ఇసకైతే ఒకలా, బంకమన్నైతే ఒకలా. ఇన్నేళ్ళలో అదెప్పుడూ తప్పలేదు. మొన్న పన్నెండో గజం దగ్గర మెత్తగా తగిలింది.”

“తగిలితే ఆపలేదేం బావా?”

ఈ ప్రశ్న అడిగింది నేనే. నా నోటితోనే అడిగాను.

“నువ్వు చూశావు కదా! జెండాలున్నాయి, రీడింగులున్నాయి. చదువుకున్నవాడు కడ్డీ దింపి చూసిన నేల మెత్తగా ఎలా ఉంటుంది, నా నడుమే ముసలిదైంది అనుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది. మెత్తగా తగలడం నిజమే. జెండాలు దాటాను కాబట్టే తగిలింది. కానీ దాటుతున్నట్టు నాకు తెలియలేదురా. బండి పక్కకి పోతుంటే నా చేతికి తెలియలేదు. మునిగినందుకు కాదు నా బాధ.”

లేచాడు. గదిలో నేల మీద పలకలున్నాయి, గోడ నుంచి గుమ్మందాకా ఒకే గీత. దాని మీద నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

“నడుస్తా. పక్కకి పోతే చెప్పు.”

యాభై దాటిన మనిషి కళ్ళు మూసుకుని, చేతులు కొద్దిగా చాచి, అడుగు ముందు అడుగేసుకుంటూ గీత మీద నడిచాడు. గోడ నుంచి గుమ్మందాకా. స్కేలు పెట్టి గీసినట్టు. వెంట్రుకవాసి తేడా లేదు.

“తిన్నగా ఉంది బావా.”

“నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అంటున్నావు.”

“నిజంగానే తిన్నగా ఉంది.”

“పోనీలే,” అని భుజం తట్టి వెళ్ళి కూర్చున్నాడు.

ఈ వారంలో ఆయనకి నేను చెప్పిన మొదటి నిజం ఇది. నమ్మలేదు.

7, శనివారం

వాన. మడుగులో నీళ్ళు. పంపు పెట్టి తోడుతున్నాం, వాన తిరిగి పోస్తోంది.

సోమవారంలోగా బండి తియ్యకపోతే హెడ్డాఫీసుకి రిపోర్టు పంపుతానన్నాడు మైకుసారు. అందులో ఆపరేటరు తప్పిదం అని రాస్తాడట. అలా రాస్తే బావ ఆపరేటరు కార్డు ఆగిపోతుంది, ఇంకే సైటులోనూ బండెక్కనివ్వరు.

“మీరు రాయక్కర్లేదు సార్, కార్డు నేనే ఇచ్చేస్తా,” అన్నాడు బావ. “చేతికి తెలియనివాడు ఎక్కకూడదు. రేపు కింద మనిషుంటే?”

మైకుసారు “సోమవారం చూద్దాం” అని గొడుగేసుకుని వెళ్ళిపోయాడు.

బండి బయటికొస్తే అంతా సర్దుకుంటుంది. బయటికొచ్చాక రీడింగులు ఎవరడుగుతారు? బావ మంచివాడు, నెలలో మర్చిపోతాడు. బండి బయటికొస్తే చాలు.

8, ఆదివారం

మోకుల తాత వచ్చాడు. దిగబడిన బండ్లను లాగడమే ఆయన వృత్తి. వెంట ఒక పొక్లెయిన్, లారీడు దుంగలు, మణికట్టంత లావు ఇనుప మోకుల చుట్టలు, మాట్లాడని మనిషొకడు. తాత బండి చుట్టూ తిరిగి, ఒక పుల్ల తీసుకుని బురద గీకి వాసన చూసి, నా షీటు అడిగాడు.

“బాగుంది. అటు చివర ముప్ఫైయో గజం దగ్గర పదకొండే దిగిందన్నమాట. ఆ చివర నుంచి నా బండి దించి, అక్కడ నిలబెట్టి లాగుతా. దగ్గరయ్యేకొద్దీ మోకు మీద బరువు తగ్గుతుంది.”

ముప్ఫైయో గజం నా కవిత్వంలో మంచి భాగం.

నోరు తెరిచాను. అందులోంచి వచ్చిన మాట ఇది:

“తాతా, నిన్న వాన పడింది కదా. మళ్ళీ ఒకసారి చూస్తే మంచిదేమో.”

“ఆలోచన ఉన్న కుర్రాడు!” అని మైకుసారు సైటంతా వినబడేలా మెచ్చుకున్నాడు. బావ కూడా తలూపాడు. మునగకుండా, ఒప్పుకోకుండా, పైగా మెప్పు. ఇలాంటి దారి ఉందని ముందే తెలిస్తే నాలుగు రోజులు ఎందుకు ఏడ్చాను?

కడ్డీ పట్టుకుని నడిచాను. ఈసారి నిజంగా. నడుముకి తాడు కట్టారు, చివర బావ పట్టుకున్నాడు. నలభైయో గజం నుంచి వెనక్కి. ముప్ఫై ఎనిమిది దగ్గర కడ్డీ చేతిలోంచి జారి పిడిదాకా పోయింది, వెన్నలోకి కత్తి దిగినట్టు. ముప్ఫైయోది నేను పెట్టనే లేదు, అక్కడికి చేరేలోపే తొడల్దాకా దిగాను. బావ తాడుతో లాగాడు. ఇవతలి వైపు నుంచి పన్నెండోది కూడా చూశాను. పిడిదాకా.

“అయ్యో, వాన ఎంత పని చేసింది!” అన్నాడు మైకుసారు.

తాత నేను కాళ్ళు కడుక్కునే చోటుకి వచ్చాడు. అక్కడ ఇంకెవరూ లేరు.

“ఒక్క వానకి పైన బెత్తెడు నానుతుంది నాయనా. మనిషి లోతు నానదు.”

నేను కాలు కడుగుతూనే ఉన్నాను. కడిగిన కాలే కడుగుతున్నాను.

“నేనడగలేదు, నువ్వు చెప్పలేదు. మోకు కట్టేవాడికి నేల సంగతి తెలిస్తే చాలు. గట్టు మీంచే లాగుతాను, మోకు పొడుగు పట్టిస్తా. మిగతాది మీ ఇంటి వ్యవహారం.”

9, సోమవారం

మధ్యాహ్నం రెండు గంటలకి బండి బయటికొచ్చింది. ఆ ముందు జరిగింది వరసగా రాయాలి.

తెల్లారేసరికి తాత మనుషుల్ని దింపి చైన్ల చుట్టూ బురద పారలతో తవ్వించాడు. బురద పట్టిన పట్టు విడవాలంటే ముందు దానికి గాలి తగలాలట. పిశినారి గుప్పిట లాంటిది, వేలు వేలు విడదీయాలి. చైన్ల కింద దుంగలు దూర్చారు. ఇనుప మోకు బండి అడుగు చట్రానికి కట్టారు, బకెట్ ఉండే చేతికి కాదు. చేతికి కడితే చెయ్యే ఊడి వస్తుంది. గట్టు మీద తాత బండి, దాని చైన్ల కింద కూడా దుంగలు. మోకు తెగితే కాళ్ళు కోసుకుపోతుందని అందరినీ దూరంగా తోలాడు.

“లాగడం నా వంతు. లేవడం దాని వంతు. అందులో ఎవరెక్కుతారు?”

బావ జేబులోంచి తాళంచెవి తీసి తాత మనిషికి ఇచ్చాడు. “తమ్ముడూ, దీని కుడి చైను కొంచెం లేటుగా అందుకుంటుంది. కంగారు పడకు, ఒక్క క్షణం ఆగి అదే కదులుతుంది. బకెట్ ముందుకి ఆనించి మెల్లగా ఒత్తు. కుర్చీ పక్క పిడి పైకి లాగితేనే కూర్చోడానికి కుదురుతుంది.” తువ్వాలు తీసి, దులపడానికేం లేకపోయినా దులిపి, మడతపెట్టి అతని చేతిలో పెట్టాడు. “సీటు తడిగా ఉంది. వేసుకో.”

ఇంక ఎవరూ నన్ను ఏమీ అడగడం లేదు. అతనెక్కినా బండి వస్తుంది. తాత నా వైపు చూడనే లేదు. నేను నోరు మూసుకుని నిలబడితే సాయంత్రానికి అంతా అయిపోయేది.

“బావా, నువ్వు జెండాలు దాటలేదు.”

“ఊరుకోరా, మళ్ళీ మొదలెట్టకు.”

“ఓదార్చడం లేదు బావా. నేను నడవలేదు. పదకొండు దగ్గర ఆగిపోయా. మిగతా ఇరవై తొమ్మిదీ ఆఫీసులో కూర్చుని రాశా. నువ్వు మధ్యలోనే వెళ్ళావు, నేను చూస్తూనే ఉన్నా. ఫోను రాలేదు.”

మైకుసారు “ఏంటీ?” అన్నాడు. ఆయన అంత చిన్నగా మాట్లాడగలడని ఎనిమిది నెలల్లో మొదటిసారి తెలిసింది.

బావ నా వైపు తిరిగాడు. ఆయనకి ముందు అందింది నేను అబద్ధమాడానన్న సంగతి కాదు.

“పన్నెండో గజం...”

“మెత్తనే బావా. వాన వల్ల కాదు, అంతకు ముందు నుంచే. నీకు తగిలింది నిజం.”

“తగిలింది!” అన్నాడు. తర్వాత తాత వైపు తిరిగి, “తాతా, నాకు తగిలింది! మెత్తగా తగిలింది, నేనే కాదనుకున్నా!” అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. తాత మనిషి దగ్గర్నుంచి తాళంచెవి, తువ్వాలు రెండూ లాక్కుని దుంగల మీంచి బండి దాకా ఇంచుమించు పరిగెత్తాడు. మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. అప్పుడు నవ్వడం లేదు. ఎక్కి తలుపేసుకున్నాడు.

తాత చెయ్యెత్తాడు. మోకు బిగుసుకుని నీళ్ళు చిమ్మింది. బావ బకెట్ ఆనించి ఒత్తాడు, చైన్లు ఒక్క పలక, ఇంకో పలక తిరిగాయి, ఆగాయి. ఆయన ఆగితే తాత ఆగాడు. ఒకరి మాట ఒకరికి వినబడదు, మధ్యలో మోకు ఒక్కటే ఉంది. గంటసేపు అలాగే. చివరికి మడుగు పెద్ద త్రేన్పు లాంటి చప్పుడు చేసి వదిలేసింది. బండి దుంగలెక్కింది, గట్టెక్కింది, బావ దాన్ని తిన్నగా తెచ్చి ఆఫీసు ముందు నిలబెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

దిగి నా పక్క నుంచే వెళ్ళాడు.

10, మంగళవారం

ఇవాళ ఇంట్లో నాతో మాట్లాడింది అక్క ఒక్కతే.

“నాకేం తెలుసక్కా అన్నావు. నా ఎదురుగా నిలబడి అన్నావు. ఆయన కళ్ళు మూసుకుని నడిచిన రోజు నేను వంటింటి గుమ్మంలోనే ఉన్నాను. గుడ్లప్పగించి చూశావు కదరా! పగవాడు కూడా ఆపేవాడు.”

బావ కోప్పడితే బాగుండు. నా మంచినీళ్ళ గ్లాసు అందించాడు, దూరంగా ఉంటే దగ్గరికి జరిపాడు. ఇంజనీరుగారూ అని మాత్రం అనలేదు. నేను రెండు జోకులు వేశాను. రెండోది మంచిది.

రిపోర్టు నా పేరు మీద వెళ్ళింది. కొత్త ఇంజనీరు వచ్చేదాకా కడ్డీ పట్టుకుని నడిచే పని నాది, సంతకం బావది. మైకుసారు పెట్టిన పద్ధతి.

11, బుధవారం

నిద్ర సరిగ్గా లేదు. వేరే గది చూసుకుంటానంటే అక్క ఒప్పుకోలేదు. “ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇక్కడే ఉండి సిగ్గుపడు,” అంది.

13, శుక్రవారం

మడుగు అవతలి ఒడ్డున కొత్త దారి. అది కూడా నలభై గజాలే.

ఏడింటికి మొదలుపెట్టాను. కడ్డీ నిలబెట్టడం, బరువు మొత్తం దాని మీద వెయ్యడం, ఎంత దిగిందో చూడడం, రాయడం, అడుగు జరగడం. గజానికొకటి. పది దిగింది, పదమూడు దిగింది, పంతొమ్మిది దిగిన చోట రెండుసార్లు చూశాను. అరచేతులు పొక్కాయి. ఒక్కటి కూడా ఊహించి రాయలేదు. పన్నెండు దగ్గర ఆగాలనిపించలేదని చెప్తే అబద్ధం. ఇరవై రెండు దగ్గర కూడా అనిపించింది. నలభై పూర్తయ్యేసరికి తొమ్మిదిన్నర. షీటు తీసుకెళ్ళి బావకిచ్చాను.

ఆయన క్యాబిన్లో కూర్చుని పై నుంచి కిందికి మొత్తం చదివాడు. సంతకం పెట్టలేదు. దిగాడు. నా చేతిలోంచి కడ్డీ తీసుకున్నాడు.

మొదటి చోటుకి వెళ్ళి, నేను చేసిన కన్నం పక్కన బెత్తెడు దూరంలో కడ్డీ నిలబెట్టి బరువేశాడు. వంగి చూశాడు. తర్వాత రెండోది. నేను షీటు పట్టుకుని వెనకాలే నడిచాను. ఎంత దిగిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పద్నాలుగో చోట, “బావా, దీనికి రెండో అభిప్రాయం కావాలా?” అన్నాను. ఆయన కడ్డీ పైకి లాగి పదిహేనోదానికి నడిచాడు. ఎండెక్కింది. చొక్కా వీపుకి అతుక్కుంది ఆయనకి. యాభై మూడేళ్ళు. ఒక్క గజం కూడా వదల్లేదు.

పదకొండున్నరకి నలభైయోది అయింది. మడుగు ఒడ్డున నలభై జతల కన్నాలు, పక్కపక్కనే. పెన్ను ఇమ్మన్నట్టు చెయ్యి చాపాడు. ఇచ్చాను. సంతకం పెట్టి షీటు నాకిచ్చి, బండెక్కి, దారి లోపలికి పోనిచ్చాడు. నేను పక్కకి తప్పుకున్నాను.